వెనక్కి దిగే పడవ

రత్నమాణిక్యం అక్క సుభద్రది గోదావరి అవతలి ఒడ్డు. ఇవతలి మేడ మీద నిలబడితే అక్కగారి కొబ్బరితోట కనిపిస్తుంది. ఆ తోటలోకి వెళ్ళాలంటే మాత్రం పంటు ఎక్కాలి. రెండు పడవల మీద బల్లలు పరిచి, మనుషుల్నీ స్కూటర్లనీ గేదెల్నీ ఒక్కచోట నిలబెట్టి దాటించే ఆ పంటు చీకటి పడకముందే ఆగిపోతుంది. దాంతో పెళ్ళయినప్పటినుంచీ అక్కాచెల్లెళ్ళ మాటలు మధ్యలోనే తెగిపోతూ వచ్చాయి. భోజనాలై, కునుకు తీసి, కాఫీ గ్లాసులు పట్టుకుని అసలు కబుర్లలోకి దిగేసరికి తోట గట్టు మీదనుంచి ఎవరో ఒకరు ఆఖరి పంటు కట్టేస్తున్నారని కేకేసేవారు. ఎవరి కోడలు ఎవరిని ఏమందో తెలిసేది గానీ, దానికి వాళ్ళు తిరిగి ఏమన్నారో తెలియకుండానే రత్నమాణిక్యం చెప్పులు వేసుకుని రేవుకు పరుగెత్తాల్సి వచ్చేది. మళ్ళీసారి వెళ్ళేసరికి ఆ గొడవ సర్దుకుపోయి ఉండేది. సర్దుకుపోయిన గొడవలో రుచి ఏముంటుంది?

అందుకని, భర్త సాంబశివరాజు కాకినాడలో ఊరు మారిపోతున్న ఒక కంపెనీ ఆఫీసరు దగ్గర మోటారు పడవ కొని, జీపు వెనక తగిలించుకుని తెచ్చిన రోజున ఆమె పైకి మూతి ముడిచినా, లోపల మాత్రం అక్కగారింట్లో దీపాలు పెట్టేవేళ కూడా కూర్చుని కాఫీ తాగుతున్నట్టు ఊహించుకుంది. తెల్లటి ఫైబరు పడవ. నలుగురు కూర్చోవచ్చు. వెనక ఇంజను. పడవ కింద రెండు చక్రాల ఇనప ట్రైలరు. ట్రైలరు ముందుభాగాన నిటారుగా ఒక ఇనప స్తంభం, దానికి తాడు చుట్టే చక్రం. ఆ తాడు కొక్కెం పడవ ముక్కుకి తగిలించి ఉంది.

సాంబశివరాజుకి రొయ్యల చెరువులున్నాయి. కష్టపడతాడు, మాట మీద నిలబడతాడు. అయితే ఆయనకి రెండు అలవాట్లున్నాయి. కొత్త వస్తువు కనబడితే కొంటాడు. ఆ వస్తువుతో ఉన్నప్పుడు జనం నవ్వితే వదిలేస్తాడు. ఒకసారి గుర్రం కొన్నాడు. మొదటి రోజే అది ఆయన్ని ఎక్కించుకుని పోయి ఎవరిదో పెళ్ళి ఊరేగింపులో కలిసింది. బ్యాండుమేళం ఆగేదాకా ఆయన దిగలేకపోయాడు. మర్నాటికి గుర్రం లేదు. ఆ తర్వాత వీడియో కెమెరా కొని, మేనల్లుడి పెళ్ళిలో మొత్తం కాళ్ళు తీశాడు. క్యాసెట్టు చూసి చుట్టాలంతా ఎవరి కాళ్ళు ఏవో పోల్చుకుంటూ నవ్వారు. ఆ కెమెరా బావమరిది బుల్లిరాజు ఇంటికి చేరింది. బావ వద్దనుకున్నవన్నీ బుల్లిరాజు ఇంటికే చేరతాయి, అక్కడ శుభ్రంగా పనిచేస్తాయి. పడవ వచ్చిందన్న కబురు తెలియగానే బుల్లిరాజు స్కూటరు వేసుకొచ్చి, చుట్టూ రెండుసార్లు తిరిగి, దాని పొట్ట మీద ఆప్యాయంగా తట్టి వెళ్ళాడు. ఆ తట్టడం రత్నమాణిక్యానికి నచ్చలేదు.

మంచిరోజు చూసి పడవని పాత రేవుకి తీసుకెళ్ళారు. వరి బస్తాలు పడవల్లోకి ఎక్కించే రోజుల్లో కట్టిన సిమెంటు వాలు అది. పైన లాజరు టీకొట్టు, కింద గోదావరి. పూజ చేయించడానికి పురోహితులు సూర్యప్రకాశం గారు వచ్చారు. పడవని ముందు పసుపునీళ్ళతో కడిగారు. కడిగిన నీళ్ళు అడుగున నిలిచిపోతే, పడవ వెనకవైపు కింద ఉన్న ఇత్తడి బిరడా తిప్పి తీసి నీళ్ళు వదిలేశారు. తర్వాత బొట్లు పెట్టారు, ఇంజనుకి బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు.

అప్పుడొచ్చింది చిక్కు. ట్రైలరు మీది పడవని నీళ్ళలో దించాలంటే జీపుని రివర్సులో నడిపి, పడవని వెనకవైపు నుంచి దించాలి. అది విని సూర్యప్రకాశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కొత్త బండి మొదటి అడుగు వెనక్కి వేయడమేంటండీ రాజుగారూ? అందులోనూ నిమ్మకాయలు పెట్టాక."

ఆయన మాటకి రేవులో ఉన్నవాళ్ళంతా తల ఊపారు. కారు కొన్నా, ట్రాక్టరు కొన్నా, నిమ్మకాయల మీదనుంచి ముందుకే కదా పోనిస్తారు. సాంబశివరాజుకీ అది సబబుగానే తోచింది. ట్రైలరుని జీపునుంచి విప్పించి, పదిమంది చేత పట్టించి, ముఖం గోదావరి వైపు తిప్పించాడు. వెనక తాడు కట్టి ఆపుతూ పడవని ముక్కు ముందుగా దించుదామన్నాడు. తను పడవెక్కి స్టీరింగు దగ్గర కూర్చున్నాడు.

నిమ్మకాయలు చితికాయి. ట్రైలరు వాలు మీద జోరందుకుంది. తాడు పట్టుకున్న పదిమందీ దాని వెంట పరుగెత్తారు తప్ప ఆపింది లేదు. ముందుభాగం నీళ్ళలోకి దిగి ఆగింది. పడవ ముక్కు నీళ్ళలో, తోక గాలిలో. సాంబశివరాజు ఇంజను తిప్పాడు. గాలిలో ఉన్న పంకా గిర్రున తిరిగి, బంతిపూల దండని లాక్కుని ముక్కలు ముక్కలు చేసి, గట్టు మీద మంత్రం చదువుతున్న సూర్యప్రకాశం గారి మీద పుష్పవృష్టి కురిపించింది.

ఇంకాస్త తోయమన్నాడు. తోశారు. ఇప్పుడు పడవ మొత్తం తేలింది గానీ ట్రైలరు మీదనుంచి దిగలేదు. ఎలా దిగుతుంది? ముక్కుకి ఎదురుగా ఇనప స్తంభం నిలబడి ఉంది కదా. ముందుకి వెళ్దామంటే స్తంభం, వెనక్కి వెళ్దామంటే సూర్యప్రకాశం గారు. ఇలా ఆలోచిస్తుండగా సాంబశివరాజు కాళ్ళకి చల్లగా తగిలింది. బిరడా తీసిన రంధ్రంలోంచి గోదావరి నింపాదిగా పడవలోకి వస్తోంది.

బిరడా కోసం వెతికారు. దొరకలేదు. చివరికి ఎవరిదో ట్రాక్టరు తెచ్చి, పడవనీ ట్రైలరునీ రాజుగారినీ కలిపి పైకి లాగారు. వాలు ఎక్కుతున్నంతసేపూ పడవ వెనకనుంచి నీళ్ళు ధారగా పడుతూనే ఉన్నాయి. టీకొట్టు లాజరు గ్లాసు కడుగుతూ నిదానంగా అన్నాడు.

"పాపం, చాలాసేపటినుంచి ఆపుకున్నట్టుందండి రాజుగారూ."

రేవంతా నవ్వింది. ట్రాక్టరు డ్రైవరు నవ్వు ఆపుకోలేక బండి ఆపేశాడు. సాంబశివరాజు ముఖం ఎర్రబడటం చూసి రత్నమాణిక్యానికి గుర్రమూ కెమెరా గుర్తొచ్చాయి. ఆమె భయపడినట్టే జరిగింది. ఆయన తడిసిన పంచెతో అందరి మధ్యా నిలబడి, బావమరిది వైపు తిరిగాడు.

"ఒరేయ్ బుల్లీ, వచ్చే ఆదివారం మళ్ళీ దింపుతాను. దింపి, తిరిగి ఎక్కిస్తాను. ఆ పని అయ్యేలోగా రేవులో ఒక్కడు నవ్వినా పడవ నీది. ఇదిగో, ఇంతమందిలో చెబుతున్నాను."

బుల్లిరాజు వద్దు బావా, ఎందుకు బావా అంటూనే పడవ పొట్ట మీద మళ్ళీ తట్టాడు.

ఆ సాయంత్రం దీపం పెడదామని దేవుడి గదిలోకి వెళ్ళిన రత్నమాణిక్యానికి, రేవునుంచి తిరిగొచ్చిన పూజ పళ్ళెంలో, పసుపు వినాయకుడి పక్కన ఇంకొకటి కనిపించింది. పొట్టిగా, గుండ్రంగా, ఇత్తడిది. దానికి కుంకుమ బొట్టు, నెత్తిన గన్నేరు పువ్వు. కడిగినప్పుడు తీసిన బిరడాని ఎవరో పోకుండా పళ్ళెంలో పెట్టారు. సూర్యప్రకాశం గారు పూజ సామగ్రి అనుకుని అక్షతలు వేశారు. పళ్ళెం ఇంటికొచ్చాక, అదీ దేవుడే అనుకుని ఆ పువ్వు పెట్టింది తనే. గోదావరి ఆ రంధ్రంలోంచి వస్తున్నప్పుడు బిరడా ఈ పళ్ళెంలో నైవేద్యం అందుకుంటూ ఉంది. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, కుంకుమ తుడిచి, కొంగున ముడేసుకుంది. భర్తకి చూపించి, ఇకమీదట ఇది నా దగ్గరే ఉంటుంది, నేను బిగించానని చెప్పేదాకా పడవ నీటిని తాకకూడదు అంది. ఆయన సరేనన్నాడు. ఆ రోజు ఆయన దేనికైనా సరేననే స్థితిలో ఉన్నాడు.

మర్నాడు ఆమె సూర్యప్రకాశం గారింటికి వెళ్ళి వినయంగా ఒక సంగతి అడిగింది. జీపునీ ట్రైలరునీ కలిపి నిమ్మకాయల మీదనుంచి రోడ్డు మీద ముందుకి నడిపించి, లాజరు కొట్టుదాకా వెళ్ళి ఆగితే మొదటి అడుగు పడ్డట్టే కదా, ఆ తర్వాత వెనక్కి నడిపితే అది ఎన్నో అడుగో కదా అని. ఆయన అలాగైతే దోషం లేదన్నారు. పైగా, ఈ మాట ఆ రోజే ఎవరైనా అడిగి ఉంటే తన పంచె మీద బంతిపూల మరకలు పడేవి కావని నొచ్చుకున్నారు.

అసలు పని మాత్రం మిగిలే ఉంది. ట్రైలరుని వెనక్కి నడపడం సాంబశివరాజుకి రాదు. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు ఎడమకి పోతుంది, సరిచేద్దామని ఇంకా తిప్పితే జీపూ ట్రైలరూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ నిలబడతాయి. ఊళ్ళో నేర్చుకుంటే జనం చూస్తారు, చూస్తే నవ్వుతారు. రత్నమాణిక్యమే ఉపాయం చెప్పింది. రొయ్యలు పట్టేశాక ఎండగట్టిన పెద్దచెరువు ఖాళీగా ఉంది. అడుగు గట్టిపడి నెర్రెలు విచ్చింది. చుట్టూ ఎత్తైన గట్లు. లోపల ఎవరేం చేసినా కొంగలకి తప్ప ఎవరికీ కనబడదు.

వారమంతా పొద్దున్నే భార్యాభర్తలు చెరువులోకి దిగారు. రెండు గీతలు ముగ్గుతో వేసి, అదే రేవు వాలు అనుకోమంది. మొదటి రోజు ఆయన ముగ్గు మీద తప్ప చెరువంతా నడిపాడు. పక్కన కూర్చుని ఆమె కుడికండీ, ఎడమకండీ అంటూంటే, ఎవరి కుడి, జీపుదా ట్రైలరుదా అని ఆయన విసుక్కున్నాడు. రెండో రోజు అలిసిపోయి, చెయ్యి జారి స్టీరింగు అడుగున పట్టుకున్నాడు. ఆ చెయ్యి కుడికి జరిపితే ట్రైలరు కుడికే పోయింది. ఎడమకి జరిపితే ఎడమకే పోయింది. ఆయన ఆపి, ఆమె వైపు చూశాడు. మళ్ళీ చేసి చూశాడు. అప్పట్నుంచి ఆయన స్టీరింగుని కిందనే పట్టుకున్నాడు, ఆమె కుడి ఎడమలు మానేసి, వెనక నిలబడి చేతితోనే చూపించింది. ఆమె చెయ్యి ఏవైపు వెళ్తే ఆయన చెయ్యీ ఆ వైపు. చెయ్యి ఎత్తితే ఆగడం. శనివారానికి ఆయన ముగ్గు గీతలు చెరగకుండా ఆ కొసనుంచి ఈ కొసకి వెళ్ళాడు. ఎవరూ చూడలేదని బాధపడ్డాడు కూడా.

ఇక ఆమెకి మిగిలిన భయం ఒక్కటే, నోళ్ళు. ఏ బండి వెనక్కి వస్తున్నా చుట్టూ ఉన్నవాళ్ళు రానీ, రానీ, స్టీరింగు కొయ్యి, కొయ్యి అని అరవకుండా ఉండలేరు. ఒకడు రానీ అంటాడు, ఇంకొకడు ఆపు అంటాడు, మూడోవాడు ఈలేస్తాడు. అంతమంది అరుస్తుంటే ఈయన తడబడతాడు, తడబడితే నవ్వుతారు. నవ్వితే పడవ బుల్లిరాజు పెరట్లో ఉంటుంది. తను మళ్ళీ ఆఖరి పంటు కోసం పరుగెత్తుతుంది.

ఆదివారం పొద్దున్న ఆమె రేవుకి రెండు బుట్టల జీళ్ళతో వచ్చింది. తీర్థాల్లో అమ్మే నువ్వుల జీళ్ళు, ముదురుపాకం మీద తీసినవి. నోట్లో వేసుకుంటే పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి కుట్టేస్తాయి. ప్రసాదమని చెప్పి, జీపు వెనక్కి కదలబోయే ముందు స్వయంగా పంచింది. పెద్ద ముక్కలే ఇచ్చింది. లాజరుకి రెండిచ్చింది. సూర్యప్రకాశం గారు కట్టుడుపళ్ళ మూలాన మొహమాటపడి చేతిలో పట్టుకున్నారు.

జీపు నిమ్మకాయలు తొక్కి, ముందుకి వెళ్ళి, టీకొట్టు దగ్గర ఆగింది. గట్టు మీదే ఆమె కొంగు విప్పి బిరడా బిగించింది. లాగి చూసింది. పడవని ట్రైలరుకి బిగించిన బెల్టు తీసింది, ముక్కుకున్న కొక్కెం మాత్రం తీయనివ్వలేదు. అది తీస్తే పడవ వాలు మీదే జారిపోతుంది. ఇంజను కిందిభాగాన్ని పైకెత్తించింది, సిమెంటుకి రాసుకోకుండా. ముక్కుకి కట్టిన పొడుగు తాడు బుల్లిరాజు చేతికిచ్చి, చేతికి చుట్టుకోవద్దు తమ్ముడూ, పట్టుకో అంతే అని చెప్పింది.

తర్వాత వాలు అంచున నిలబడి చెయ్యి చాపింది. జీపు వెనక్కి వచ్చింది. వందమంది చూస్తున్నారు. అందరి దవడలూ కదులుతున్నాయి, ఒక్క నోరూ తెరుచుకోవడం లేదు. లాజరు చెయ్యి ఊపుతూ ఏదో చెప్పబోయాడు గానీ గొంతులోంచి మూలుగు మాత్రం వచ్చింది. ట్రైలరు చక్రాలు మునిగాయి. పడవ తోక తేలింది. జీపు వెనక చక్రాలు తడవబోతుండగా ఆమె చెయ్యి ఎత్తింది. ఆయన ఆపి, హ్యాండ్‌బ్రేకు వేశాడు. ఆమె రెండు రాళ్ళు చక్రాల కింద పెట్టింది. అప్పుడు కొక్కెం తీశారు. ఒక్క తోపుకి పడవ వెనక్కి జారి, గోదావరిలో బాతులా నిలబడింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వాలంటే నోరు తెరవాలి కదా.

జీపు గట్టెక్కించి, ఇంజను దించి, తిప్పేసరికి ఒక్కసారికే అందుకుంది. బుల్లిరాజుని ఒడ్డునే ఉండమని, భార్యాభర్తలిద్దరూ అవతలికి బయల్దేరారు. సముద్రపు పోటు మీద ఉన్న గోదావరి గట్లదాకా నిండి ఉంది. మధ్యలో పంటు ఎదురైంది. ఎన్నో ఏళ్ళు ఆ పంటు మీద గేదెల మధ్య నిలబడిన రత్నమాణిక్యం, వాళ్ళకి చెయ్యి ఊపుదామనుకుని, మరీ బాగుండదని చెంగు సర్దుకుంది.

సుభద్ర తోట గట్టు మీదకి వచ్చి చెల్లెల్ని దించుకుంది. మరిదిగారికి మర్యాదలు చేసి పడక్కుర్చీలో కూర్చోబెట్టింది. పనసపొట్టు కూర, పులుసు, భోజనాలయ్యాయి. కాఫీ వచ్చింది. సుభద్ర గొంతు తగ్గించి, ఎదురింటావిడ కోడలు ఉగాదికి వచ్చి ఏం చేసిందో మొదలుపెట్టింది. రత్నమాణిక్యం గ్లాసు పట్టుకుని హాయిగా వెనక్కి వాలింది. ఎదురుగా కొబ్బరిచెట్ల సందుల్లో గోదావరి. ఆ గోదావరిలో, పడవ కట్టిన గుంజ మొదట్లో, నీటికి పైన, వేలెడంత తడి మరక.

ఆమె ఒక్కసారిగా లేచి నిలబడింది. ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, పోటొచ్చిన నీరు మళ్ళీ తీసి దిగిపోతుందని మరిచిపోయింది. పంటుకి లోతులో రేవుంది, ఎప్పుడైనా ఆగుతుంది. పాత రేవు సిమెంటు వాలు మాత్రం సగందాకానే కట్టారు. నీరు తీసిందంటే వాలు అంచు బయటపడుతుంది. ఆ తర్వాత బురద. బురదలోకి ట్రైలరు దిగితే మళ్ళీ ట్రాక్టరు, మళ్ళీ జనం, మళ్ళీ లాజరు.

"ఆఖరి పంటుకి ఇంకా బోలెడు టైముంది కదే," అంది సుభద్ర.

"పంటు సంగతి కాదక్కా. మా పడవ ఇప్పుడే వెళ్ళాలి."

సుభద్ర చెల్లెల్ని పైనుంచి కిందకి చూసింది. "గేదెలతో కలిసి వచ్చినప్పుడే నయం. ఇంకో రెండు గంటలుండేదానివి."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

వాళ్ళు వచ్చేసరికి నీరు బాగా తీసింది. వాలు చివర ఇంకా మునిగే ఉంది గానీ, ఎంతోసేపు ఉండేలా లేదు. పొద్దుటి జనం అలాగే ఉన్నారు. జీళ్ళు మాత్రం అరిగిపోయాయి. పడవని చూడగానే వందమంది వంద సలహాలు మొదలుపెట్టారు. సాంబశివరాజు ఇంజను ఆపి పైకెత్తి, తాడు పట్టుకుని దిగి, అది ఆమె చేతికిచ్చి, జీపెక్కాడు. ఆయన చెవులు ఎర్రబడటం ఆమె చూసింది. జీపు అద్దం పక్కకి వెళ్ళి, మీరు వినకండి, నా చెయ్యి చూడండి అంది.

చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మోకాలిలోతు నీళ్ళలో, సిమెంటు సరిగ్గా ఎక్కడ ఆగిందో పాదంతో తడిమి, ఆ అంచు మీద నిలబడింది. ఆమెని దాటి చక్రం రాకూడదు. ట్రైలరు వచ్చింది. ఆమె చెయ్యి ఎత్తేసరికి చక్రానికీ ఆమె పాదానికీ మధ్య జానెడు దూరముంది. ఆయన బ్రేకు వేసి, రాళ్ళు పెట్టి వచ్చి ముక్కు తాడు లాగటం మొదలెట్టాడు.

సముద్రం వైపు తీస్తున్న నీరు పడవ తోకని పక్కకి తోసేసింది. ముక్కు ట్రైలరు మీద, తోక అవతలి ఒడ్డు దిక్కు వదిలి అంతర్వేది దిక్కు. తోకకి ఇంకో తాడు కట్టి ఎగువవైపునుంచి ఎవరో లాగి పట్టాలి. అక్కడ సిమెంటు లేదు, బురదే. సలహాలు ఇచ్చిన వందమందిలో ఒక్కరూ కదల్లేదు. రత్నమాణిక్యం తాడు కొస పట్టుకుని చుట్టూ చూసింది.

బుల్లిరాజు అప్పటికే లుంగీ ఎగ్గట్టాడు. సాయంత్రానికి తన పెరట్లోకి రావాల్సిన పడవ సిమెంటుకి కొట్టుకుని పొట్ట పగిలేలా ఉంది. వచ్చి తాడు లాక్కుని, బురదలోకి దిగాడు. పిక్కలదాకా దిగింది. లాగాడు. మోకాళ్ళదాకా దిగింది. పడవ గుంజింది. బుల్లిరాజు నడుందాకా దిగిపోయి, బురదలో కూర్చున్నట్టయ్యాడు గానీ తాడు వదల్లేదు. గీత పడుతుంది, నెమ్మదిగా బావా, రంగు పోతుంది, అని అక్కడినుంచే హెచ్చరికలు చేస్తున్నాడు. తన వస్తువు కాబట్టి అలా పట్టుకున్నాడు, ఇంకొకళ్ళదైతే ఎప్పుడో వదిలేసేవాడు. తోక నిదానంగా తిరిగి ట్రైలరుకి సూటిగా వచ్చింది. సాంబశివరాజు కొక్కెం తగిలించి, చక్రం తిప్పి, పడవ ముక్కుని స్తంభానికి ఆనించాడు. జీపు వాలెక్కింది. గట్టు మీద ఆపి బెల్టు బిగించారు. రత్నమాణిక్యం బిరడా తీసి కొంగున ముడేసుకుంది. చెంబెడు నీళ్ళు కారి ఆగిపోయాయి.

అప్పుడు అందరూ వెనక్కి తిరిగి చూశారు. బుల్లిరాజు ఇంకా బురదలోనే ఉన్నాడు. లేవబోతే చెప్పొకటి లోపల ఉండిపోయింది. చెప్పు కోసం వంగితే మీసం కూడా బురదైంది. చివరికి నలుగురు వెదురుబొంగు అందించి లాగితే, లుంగీని కింద వదిలేసి, చారల నిక్కరుతో గట్టెక్కాడు.

రేవంతా నవ్వింది. లాజరు నవ్వాడు. సూర్యప్రకాశం గారు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

బుల్లిరాజు తుడుచుకోకుండానే బావ దగ్గరికి వచ్చాడు.

"నవ్వారు బావా. ఒక్కడు నవ్వినా అన్నావు. అందరూ నవ్వారు."

సాంబశివరాజు ముఖం వాడిపోయింది. ఇంతమందిలో ఇచ్చిన మాట. ఆయన చెయ్యి పడవ తాళం కోసం జేబులోకి వెళ్ళడం రత్నమాణిక్యం చూసింది. ఆ చెయ్యి బయటికి వస్తే ఇక అయిపోయినట్టే. ఆమె ఇద్దరి మధ్యకి వెళ్ళి, చెంగుతో తమ్ముడి ముఖం మీది బురద తుడవడం మొదలెట్టింది.

"నువ్వు చెప్పు తమ్ముడూ. ఎవర్ని చూసి నవ్వారు?"

బుల్లిరాజు లుంగీ కోసం బురద వైపు చూశాడు.

"బావ పడవ దించినప్పుడు నవ్వారా? ఎక్కించినప్పుడు నవ్వారా? పడవ గట్టెక్కాక, నీ నిక్కరు చూసి నవ్వారు. దానికీ దీనికీ లంకె పెడితే, ఇంతమందిలో ఎవరైనా ఒప్పుకుంటారేమో నువ్వే అడుగు."

అతను చుట్టూ చూశాడు. అడిగితే ఇంకోసారి నవ్వేలా ఉన్నారు. దించడం, ఎక్కించడం అయ్యేలోగా అనేదే పందెమని సూర్యప్రకాశం గారు గంభీరంగా తీర్పు చెప్పారు. ఎక్కించాక నవ్వింది లెక్కలోకి రాదన్నారు. సాంబశివరాజు చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికి వచ్చింది. ఆయన ఆ చేతిని పడవ పొట్ట మీద ఆనించి అలాగే నిలబడ్డాడు. గుర్రం దగ్గరా కెమెరా దగ్గరా ఆయన్ని అలా ఆమె ఎప్పుడూ చూడలేదు.

లాజరు బుల్లిరాజుకి బకెట్టుతో నీళ్ళు, కట్టుకోవడానికి ఒక తువ్వాలు ఇచ్చాడు. బుల్లిరాజు కాళ్ళు కడుక్కుంటూ, తోక తాడు తను పట్టకపోతే పడవేమయ్యేదో కాస్త ఆలోచించమన్నాడు. రత్నమాణిక్యం ఆలోచించింది. అదీ నిజమే. అవతలి ఒడ్డున అక్క అన్న మాట కూడా ఆమెకి ఇంకా మంటగానే ఉంది. పోటు ఏ రోజుకారోజు ముప్పావుగంట ఆలస్యంగా వస్తుంది. ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ పోయింది. ఒక వేలి దగ్గర ఆగి, వెనక్కి వచ్చి మళ్ళీ లెక్కపెట్టింది.

"తమ్ముడూ, వచ్చే శనివారం ఖాళీయేనా?"

"ఎందుకక్కా?"

"ఆ రోజు పోటు దీపాలవేళకి గానీ నిండదు, అందాకా నీరు తీస్తుందన్న భయం లేదు. సాయంత్రం దించుదాం. తాడు పట్టడానికి నువ్వుండాలి. నువ్వూ రా అవతలికి, అక్క చేతి భోజనం చేద్దువుగాని."

బుల్లిరాజు మీసంలో మిగిలిన బురద పిండుకుని, పడవ వంక ఒకసారి చూసి, లుంగీ కాకుండా ప్యాంటు వేసుకుని వస్తానన్నాడు.